తల్లి పంపిన బండ

కృపారాణి గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి గోదాలో మట్టి తిరగెయ్యడం సగం పైన అయిపోయింది. వెంకట్రామయ్య గురువు పంచె ఎగగట్టి, పార దించి, పెళ్ళ లేపి బోర్లించి, పార వెనక్కి తిప్పి ఒక్క దెబ్బతో దాన్ని పొడి చేస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఒంటి మీద చెమట ఉంది గాని ఊపిరిలో ఆయాసం లేదు.

"పిల్లలు రావడం మానేసి తొమ్మిది రోజులైందటగదండీ, మాస్టారూ?"

"అవునమ్మా. మట్టికి ఆ సంగతి తెలీదుగా. ఒక్కపూట వదిలేస్తే బిగుసుకుపోద్ది. రేపెవడన్నా వచ్చి పడితే నడుం విరుగుద్ది."

"రేపెవరన్నా వస్తారంటారా?"

పార ఒక్క క్షణం ఆగింది. ఆయన ఇంకో పెళ్ళ లేపాడు.

రేపల్లెలో ఆ తాలింఖానాకి నలభై ఏళ్ళ పేరుంది. కర్రసాము, కత్తిసాము, వాటన్నిటికన్నా పైన ప్రాణశక్తి. పదకొండు నెలలు దీక్ష పట్టిన శిష్యుణ్ణి గోదాలో వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీద బండ పెట్టి, సమ్మెటతో పగలగొడతారు. బండ రెండవుతుంది. శిష్యుడు లేచి గురువు కాళ్ళకి దణ్ణం పెడతాడు. ఇన్నేళ్ళలో ఇరవై ముగ్గురు అలా లేచారు. ఇరవై నాలుగోవాడు, బాపట్ల కుర్రాడు అభినవ్, లేవలేదు. తొమ్మిది రోజుల కిందట, ఆదివారం సాయంత్రం 5:19కి దెబ్బ పడింది. 5:46కి ఆసుపత్రి దారిలో ప్రాణం పోయింది. రొమ్మెముక విరిగి లోపలికి దిగిందని రిపోర్టు వచ్చింది.

కృపారాణి ఆరేళ్ళ కిందట కానిస్టేబులు ఉద్యోగం వదిలేసి తెనాలిలో సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. అభినవ్ తల్లి కోటేశ్వరమ్మ బాపట్ల నుంచి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఎవరు చంపారని అడగలేదు. "గురువుగారు పేపరోళ్ళతో అన్నారంటమ్మా, వాడి మనసు ఇంటి మీదకి పోయింది, అందుకే శక్తి నిలబడలేదని. నా మీద బెంగతోనే నా కొడుకు పోయాడా? అదొక్కటే కనుక్కో" అంది.

"మాస్టారూ, అభినవ్ మనసు చెదిరిందని మీకెలా తెలుసండీ?"

"చెదరకపోతే బతికేవాడు."

"అది జవాబు కాదండి. ఆ రోజు మీరు చూసిందేంటి?"

గురువు పార మట్టిలో గుచ్చి దాని మీద రెండు చేతులూ ఆనించాడు. "ఏం చూడలేదు. కళ్ళు నిలకడగానే ఉన్నాయి. ఊపిరి నేను నేర్పినట్టే పట్టాడు. నాకెక్కడా తప్పు కనపళ్ళేదు. మరి తప్పు లోపలే ఉండి ఉండాలిగా? ఇరవై ముగ్గుర్ని కాసిన శక్తి వీణ్ణి కాయలేదంటే ఏమనుకోమంటావ్?"

"ఆ శక్తి నిజంగా ఉందాండీ?"

ఆ ప్రశ్న అడగడానికి కృపారాణికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. పదేళ్ళప్పుడు నాన్న ఆమెను ఇక్కడికే తీసుకొచ్చి చూపించాడు. మూడు మూరల దూరంలో ఉన్న దీపం ఈయన అరచెయ్యి చాపితే ఆరిపోయింది. ఆ మరుసటి ఏడు అమ్మకి కామెర్లు ముదిరినప్పుడు కృపారాణి ఎవరూ చూడకుండా ఊపిరి బిగబట్టి, అమ్మ గుండెకి జానెడు పైన అరచెయ్యి పట్టి కూచునేది. పదకొండు రోజులు కూచుంది. పన్నెండో రోజున కూచోడానికి అమ్మ లేదు. అలాంటి శక్తేదీ లేదని తేలితే తన వల్ల జరిగిన లోటేమీ లేదని ఊరట. ఉందని తేలితే ఎక్కడో అమ్మకి అందే దారి ఒకటుందని ఊరట. రెంటిలో ఏదీ ఇంతవరకూ దొరకలేదు.

"ఉంది గనకే వాళ్ళు లేచారు" అన్నాడు గురువు.

ఆమె కొలత టేపు తీసింది. టైము 8:05. ఇన్‌స్పెక్టర్ ఫణి పదింటికి వస్తాడు. నిన్న అరెస్టు చేసిన చిట్టిబాబుని వెంటబెట్టుకొస్తాడు. ఇక్కడే సాము నేర్చుకున్నవాడు, ఆ రోజు సమ్మెట ఎత్తింది అతనే. సాయంత్రం అయిదింటికి హత్య కేసు కింద రేపల్లె మేజిస్ట్రేటు ముందు పెడతాడు. కోటేశ్వరమ్మ ప్రశ్నకి జవాబు వెతకడానికీ, చిట్టిబాబు మెడ తప్పించడానికీ ఉన్నవి ఈ రెండు గంటలే.

గోదా చుట్టూ గట్టుగా పాతినవన్నీ పగిలిన బండలే. ఏ ఏటి బండ ఆ ఏడు పాతుతారట. కృపారాణి ఒక్కో దాని మందం కొలుచుకుంటూ నడిచింది. నాలుగోదాని దగ్గర ఆమె నడక మందగించింది. పదోదాని దగ్గర ఆగిపోయింది.

"ఈ బండలు ఎవరు కొంటారండీ?"

"ఎవరి బండ వాళ్ళ తల్లే ఎంచి పంపాలి. అది మా ఆచారం. అడుగున పసుపుతో చెయ్యి అద్ది పంపుద్ది. ఆ చెయ్యి బిడ్డ గుండె మీద ఆనాలి."

"తల్లి లేనివాళ్ళకి?"

"వాళ్ళకి దీక్ష లేదు."

"ఏయే ఊళ్ళ నుంచి వచ్చాయివి?"

"అదిగో అది అడవులదీవిది. దాని పక్కది పొన్నూరుది. ఇది ఈ ఊళ్ళోదే."

"ఇన్ని ఊళ్ళు, ఇంతమంది తల్లులు. అన్నీ ఒకే మందం ఎలా వచ్చాయి మాస్టారూ? సరిగ్గా బెత్తెడు, మూడంగుళాలు. ఒక్కటీ తేడా లేదే!"

గురువు గట్టు వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు. "మా ఆవిడ వెళ్ళేది తోడుగా. భ్రమరాంబకి అదో చాదస్తం. ఎండైనా వానైనా ఆ తల్లితోపాటు రాళ్ళ షాపుకెళ్ళి తన చెయ్యి ఇలా నిలబెట్టి కొలిచేది. బెత్తెడుకి తగ్గితే ఒప్పుకునేది కాదు. ఎందుకే అంటే, మీకెందుకండీ, మీ శక్తి మీరు చూసుకోండి అనేది."

"ఆవిడ పోయి..."

"రెండేళ్ళు. తర్వాత దీక్ష పట్టినవాడు అభినవ్ ఒక్కడే."

అభినవ్ బండ ముక్కల్ని గట్టులో పాతలేదు. నూతి పక్కన గోనెపట్టా కింద గుట్టగా పోసి ఉన్నాయి. ఫణి సమ్మెట పట్టుకుపోయాడు, రక్తం ఉన్న చిన్న ముక్క ఒకటి పట్టుకుపోయాడు. మిగతాదంతా రాయే కదా అని వదిలేశాడు. కృపారాణి పట్టా తీసి ఒక అంచు కొలిచింది. ఒకటిన్నర అంగుళం.

ఇంకోసారి కొలిచింది. అదే.

గచ్చు మీద ముక్కల్ని బోర్లించి, అంచుకి అంచు కలుపుతూ పేర్చింది. పెద్దవి ఆరు, చిన్నవి తొమ్మిది. పేరుస్తున్నకొద్దీ పసుపు గీతలు ఒకదాంతో ఒకటి కలిశాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు. చిటికెన వేలు దగ్గర గీత సగంలో ఆగింది. ముక్క పోయిందేమోనని గుట్టంతా వెతికింది. పోలేదు. రాయి ఉంది. వేలే లేదు.

వారం కిందట తెనాలిలో తన ఎదురుగా కూచుని కాఫీ గ్లాసు పట్టుకున్న చేతిని ఆమె చూసింది. గడ్డి కోసే మిషన్లో పోయిందమ్మా, పాడిగేదెలు పెట్టుకున్నాక ఇవి మామూలే, అంది కోటేశ్వరమ్మ.

కృపారాణి గోనెపట్టా మళ్ళీ కప్పేసి చాలాసేపు దాని పక్కనే గొంతుక్కూచుంది.

జీపు 9:55కే వచ్చింది.

"కానిస్టేబులుగా ఉన్నప్పుడే చెప్పాను, కృపా, నీకు ప్రశ్నలెక్కువని" అన్నాడు ఫణి దిగుతూనే. "ఉద్యోగం పోయింది గాని జబ్బు పోలేదు."

"ఉద్యోగం పోలేదు సార్, నేనే వదిలేశాను. మీకు జవాబులెక్కువని."

వెనకున్న కానిస్టేబులు నవ్వాపుకోవడానికి జీపు టైరు వంక చూశాడు. చిట్టిబాబు తల దించుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. తలుపంత వెడల్పు మనిషి.

"విను" అన్నాడు ఫణి. "ఆ రోజు బండ తెచ్చింది వీడి ట్రాలీ ఆటోలో. బాపట్లలో ఎక్కించింది 9:10. చెరుకుపల్లి మీదగా వస్తే పదకొండుకి ముందే ఇక్కడుండాలి. వచ్చింది 1:05కి. మధ్యలో 10:40కి తెనాలి పెట్రోలు బంకు కెమెరాలో ఉన్నాడు. బాపట్ల నుంచి రేపల్లె రావడానికి తెనాలి ఎందుకు పోయాడు, బండ మార్చడానికి కాకపోతే? అడిగితే నోరు విప్పడు. తల్లి లేదు గనక వీడికి దీక్ష లేదు. అభినవ్ గెలిస్తే గురువు తర్వాత తాలింఖానా అతనిది. ఇంకేం కావాలి?"

"చిట్టిబాబూ, తెనాలిలో ఏం చేశావో నేను చెప్పనా, నువ్వే చెప్తావా?" అంది కృపారాణి.

"వద్దక్కా" అన్నాడతను గొణుగుతూ, గురువు వైపు చూసి.

"తెనాలి చర్చిలో పాస్టరు గారు నిన్నే నాకు చెప్పేశారు. 10:50 నుంచి 11:45 దాకా నువ్వు ప్రార్థన చేయించావు. బండ మీద చెయ్యి పెట్టి ఆయన ప్రార్థన చేస్తుంటే ఎవరో ఫోన్లో ఫొటో కూడా తీశారు. ఇదిగో."

గురువు గొంతు ఖంగుమంది. "ప్రార్థనా? నా గోదాలోకొచ్చే బండకా?"

"భయమేసింది గురువుగారండీ" అన్నాడు చిట్టిబాబు. "వాడు పదకొండు నెలలు చిక్కి శల్యమైపోయాడు. మీ శక్తి చాలదని కాదండి. ఇంకాస్త తోడుంటే పోయిందేముందిలే అని. మీకు చెప్తే గెంటేస్తారని నోరెత్తలేదు."

"ఫొటో బాగుంది" అన్నాడు ఫణి. "తెనాలికి ముందే బండ మార్చి ఉంటాడు. తర్వాత ప్రార్థన చేయించుకున్నాడు. దొంగకి దైవభక్తి ఎక్కువ."

"మార్చాడనే అనుకుందాం సార్. పల్చటి బండ పెట్టి చంపాలనుకునేవాడికి ముందు ఒక సంగతి తెలిసుండాలి. మీకు తెలుసా అది? ఈ గట్టు మీద మందపు బండుంది, ఇక్కడ పల్చటిదుంది. మీ గుండె మీద పెట్టుకోమంటే ఏది పెట్టుకుంటారు?"

"ఎవడైనా పల్చటిదే అంటాడు."

"మీరేమంటారు మాస్టారూ?"

"పల్చటిది తేలిక. కొత్తవాడైనా ఓర్చుకుంటాడు. మందపుదానికే శక్తి కావాలి."

"చిట్టిబాబూ?"

"పల్చగా ఉందని నేను సిగ్గుపడ్డానక్కా. జనం నవ్వుతారురా, ఇంకోటి తెద్దాం అన్నాను. అభినవ్ వినలేదు. ఇది మా అమ్మ చెయ్యిరా అని దాని మీద అరచెయ్యి పెట్టి కూచున్నాడు."

కృపారాణి లేచి గునపంతో గట్టు బండ ఒకటి పెకలించింది. చిట్టిబాబు సంకెళ్ళ చేతులతోనే దాన్ని ఎత్తి గోదాలోకి తెచ్చాడు. ఆమె అప్పుడే తిరగేసిన మెత్తటి మట్టి మీద ఎడమ అరచెయ్యి ఆనించి, దాని మీద బండ పెట్టమంది. తర్వాత గూటాలు కొట్టే సుత్తి ఫణి చేతికిచ్చింది.

"కొట్టండి."

"పిచ్చా నీకు?"

"పాత బాకీలేమన్నా ఉంటే ఇప్పుడే తీర్చుకోండి సార్."

ఫణి ముందు మెల్లగా కొట్టాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ఈసారి గట్టిగా కొట్టాడు. బండ మీంచి పొడి లేచింది. కృపారాణి చెయ్యి లాగి వేళ్ళు ఆడించి చూపించింది. మట్టి అంటుకుంది, అంతే.

అప్పుడు పల్చటి ముక్కల్లో పసుపు అంటనిది, పెద్దది ఒకటి తెచ్చి మళ్ళీ అదే చోట చెయ్యి పెట్టింది. ఫణి సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎందుకాగాడో ఆయనకే తెలియలేదు.

"చెయ్యి తియ్యమ్మా!" అని అరిచాడు గురువు.

పెరట్లోంచి పచ్చి బొప్పాయి కోసుకొచ్చి చేతికి బదులు అది పెట్టారు. ఒక్క దెబ్బకి రాయి విరిగింది, కాయ చితికి పాలు కారాయి.

"మందపుదాని కిందైనా చితుకుద్ది" అన్నాడు ఫణి.

"కాయలున్నాయిగా, చూడండి."

ఇంకో కాయ తెచ్చి మందపు బండ కింద పెట్టి తనే కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. బండ తీస్తే కాయ మట్టిలో కాస్త దిగబడి ఉంది, తోలు కూడా చిట్లలేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు, కూరగాయల బజారులో బేరమాడే మనిషిలా.

"బరువైన రాయి కదలదు సార్. దెబ్బంతా తనలోనే దాచుకుంటుంది. తేలికది పగిలి సమ్మెటకి దారిచ్చేస్తుంది. కాచేది బరువే. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలీదు. తెలియని సంగతితో చంపడం ఎలా కుదురుద్ది?"

గురువు గట్టు మీద కూలబడ్డాడు. ఆయన చూపు ఒక బండ మీంచి ఇంకో బండ మీదకి, ఆ వరస చివరిదాకా వెళ్ళింది.

"నా ఊపిరి? నేను నేర్పిందంతా? అదేమైనట్టమ్మా?"

"బండ కింద బెదరకుండా పడుకోవడం మీరే నేర్పారు మాస్టారూ. అది చిన్న విషయం కాదు. కాని కాసింది అది కాదు."

"నలభై ఏళ్ళు" అన్నాడాయన. ఇంకేదో అనబోయి, అరచెయ్యి నిలబెట్టి పక్కనున్న బండ అంచుకి ఆనించాడు, కొలుస్తున్నట్టు. "ఒక్కమాట చెప్పుంటే ఏం పోయేదే నీకు? చెప్తే నేను చిన్నబోతాననా?" అన్నాడు, అక్కడ లేని మనిషితో.

కృపారాణి మొహం తిప్పుకుంది. ముప్ఫై ఏళ్ళ ప్రశ్నకి జవాబు దొరికింది. ఊరట మాత్రం ఎక్కడా లేదు.

"నేను గట్టిగా కొట్టానక్కా" అన్నాడు చిట్టిబాబు ఉన్నట్టుండి. అతని మొహమంతా తడిసిపోయింది. "తేలిక రాయని జనం నవ్వకూడదని, సమ్మెట నిండా ఎత్తి కొట్టాను. వాడి పరువు నిలబెడదామని కొట్టాను."

ఫణి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే ఈ పల్చటి బండ ఎక్కణ్ణించి ఊడిపడింది?"

చెప్పక తప్పలేదు. కృపారాణి గోనెపట్టా తీసి పసుపు చెయ్యి చూపించింది. సగం చిటికెన వేలు చూపించింది. అది ఎవరి వేలో చెప్పింది.

ఫణి వంగి చూశాడు. చాలాసేపటికి గాని నిటారుగా లేవలేదు. "నీ క్లయింటే గదా?"

"అవునండి."

"పసుపు ఎవడైనా పూస్తాడంటారు కోర్టులో. ఈ బండ నేనే ఎంచాను, నా చేత్తో ఎక్కించాను అని ఆవిడ సంతకం పెట్టాలి. అయిదింటికి వీణ్ణి నేను తీసుకెళ్ళక తప్పదు. ఆ లోపల కాగితం తెస్తే సెక్షను మారుద్ది. తేకపోతే నేనూ ఏం చెయ్యలేను." జీపెక్కబోతూ వెనక్కి తిరిగాడు. "ఆవిడకి చెప్తావా, నిజంగా?"

కృపారాణి సంచీలోంచి తెల్ల కాగితం, పెన్ను తీసింది.

బాపట్లలో ఆమె బస్సు దిగేసరికి రెండున్నర. కోటేశ్వరమ్మ వసారాలో పాల క్యాన్లు బోర్లిస్తోంది. ఈమెను చూడగానే చేతులు చీరకి తుడుచుకుని బల్ల లాగింది. వసారా గోడ మీద క్యాలెండరు ఉంది. పదకొండు నెలల కాగితాల మీదా ప్రతి గడిలోనూ ఇంటూ గుర్తు. ఆ ఆదివారంతో గుర్తులు ఆగిపోయాయి.

"చెప్పమ్మా. వాడి మనసు చెదిరిందా?"

"చెదరలేదు పిన్నిగారూ. ఆ రోజు జనంలో ఎవరో తీసిన వీడియో నలభైసార్లు చూశాను. దెబ్బ పడే క్షణంలో కూడా రెప్ప కొట్టలేదు. గురువుగారే ఒప్పుకున్నారు, మీ అబ్బాయిలో ఏ తప్పూ లేదని."

కోటేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. తొమ్మిది రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు ఆవిడ భుజాలు కిందకి దిగాయి. మొహంలో వెలుగు లాంటిదేదో వచ్చింది. ఆ వెలుగు చూడలేక కృపారాణి క్యాన్ల వంక చూసింది.

"నాకు తెలుసమ్మా. వాడు మొండోడు. దీక్షలో ఉంటే ఇంటి మొహం చూడకూడదంట. ఫోనైనా చెయ్యకూడదంట. రేపల్లె ఎంత దూరం? పాలు పోసి వెళ్ళి చూసిరావచ్చు. ఒకసారి వెళ్ళాను కూడా. గేటు బయట నిలబడితే లోపల కర్ర తిప్పుతున్న చప్పుడు వినపడింది. వాడిదో, ఎవరిదో. విని వచ్చేశాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "సోమవారం పొద్దున్నే వచ్చేస్తాడని పెసలు నానబోసుంచాను. నాలుగు అట్లు తింటే గాని లేవడు వాడు."

కృపారాణి చేతిలో కాగితం ఉంది. అందులో రాసినవి మూడే వాక్యాలు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టింది, మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"బండ మీరే ఎంచారా పిన్నిగారూ?"

"నేనే. ఎవరూ తోడు రాలేదుగా. అదివరకు గురువుగారి భార్య వచ్చేదంట, ఆ తల్లి పోయింది. రాళ్ళ షాపతను ముందు ఇంత మందంది చూపించాడమ్మా, నలుగురు మోసేది. నా గుండె గుబేలుమంది. అది నా బిడ్డ ఊపిరి మీద పెడతారా? షాపంతా తిరిగాను. తిరిగి తిరిగి, ఉన్నవాట్లోకల్లా తేలికదేదో చూసి తీసుకున్నాను." ఆవిడ రెండు చేతులూ చాపి ఆ బరువు చూపించింది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది. "చిట్టిబాబు నవ్వాడు, ఇదేంటి పిన్నీ పలకలాగుందని. పోన్లే, నవ్వితే నవ్వారు, నేను వాడికి చేసిపెట్టగలిగింది ఆ ఒక్కటేగా."

గాలికి క్యాలెండరు కాగితాలు లేచి పడ్డాయి. గేదె ఒకటి అరిచింది. కోటేశ్వరమ్మ మాట పొడిగించబోయి కృపారాణి మొహం చూసి ఆగింది.

"ఏంటమ్మా అలా చూస్తావు?"

టైము 3:05. ఇక్కడ నుంచి లేచి వెళ్ళిపోవచ్చు. ఈ వెలుగు ఆవిడకి వదిలేసి, ఏ దారో ఇంకోటి వెతకొచ్చు. కాని రేపల్లెలో తలుపంత మనిషి తల దించుకుని నిలబడి ఉన్నాడు. బండ ఇచ్చే తల్లి లేదన్న సంగతినే అతని నేరానికి కారణంగా రాస్తున్నారు.

కృపారాణి చెప్పింది. మందపు రాయి ఎందుకు కాస్తుందో చెప్పింది. తన చెయ్యి కింద పెట్టి చూశానని చెప్పింది. గురువుకి తెలియదనీ, కొట్టినవాడికి తెలియదనీ, పోలీసులకీ తెలియదనీ, పల్చటిదే మంచిదని అందరూ అనుకున్నారనీ చెప్పింది. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాటలు వాటి బరువు పోగొట్టుకోలేదు. చిట్టిబాబు సంగతి చెప్పి, కాగితం బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టింది.

"మీరు సంతకం పెడితే అతను హత్య కేసులోంచి బయటపడతాడు, పిన్నిగారూ. పెట్టమని నేను అడగలేను. అడగకుండానూ ఉండలేను."

కోటేశ్వరమ్మ కాగితం వంక చూడలేదు. ఏడవలేదు. బోర్లించిన క్యాను ఒకటి వంకరగా ఉంటే సరిగ్గా జరిపింది. లేచింది. వసారా స్తంభం పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, మెట్లు దిగింది.

"పిన్నిగారూ!"

గేటు తెరిచిన చప్పుడు వినిపించింది. మూసిన చప్పుడు వినిపించలేదు.

కృపారాణి గేటు దాకా పరుగెత్తింది. ఎడమ వైపు ఆవిడ రోజూ పాలు పోసే వీధి. కుడి వైపు బస్టాండు. ఎదురింటి వాకిట్లో ఎవరో "ఎక్కడికి కోటేశ్వరమ్మా, ఈ ఎండలో చెప్పులన్నా లేకుండా?" అని కేకేశారు. ఆవిడ ఆగలేదు, తిరగలేదు. చెరుకుపల్లి మీదగా రేపల్లె వెళ్ళే బస్సు మూడూ ఇరవైకి కదిలి, అయిదు లోపే అక్కడ దించుతుంది. కోటేశ్వరమ్మ కుడి వైపుకే, రోడ్డు మధ్యలో, అందరికీ కనపడేలా నడిచి వెళ్ళిపోయింది.